దత్తత: ధర్మము, చేయూత

 

సంతానము లేని దంపతులు వ్రతములు చేసి, నాగప్రతిష్ఠలు చేసి, తీర్థములు సేవించి, తుదకు మా వంటి వారిని అడుగు ప్రశ్న ఒకటి కలదు. "కులగోత్రములు తెలియని బిడ్డను ఇంటికి తెచ్చుకొనవచ్చునా? ఆ బిడ్డ పెట్టిన పిండము పితృదేవతలకు చెందునా?" అని. వారి మనస్సులో మరియొక ప్రశ్న కూడ కలదు గాని, సిగ్గుచే పైకి అడుగరు. అది ఖర్చును గూర్చినది. ఈ రెండింటికిని నేడు సమాధానము చెప్పుకొందము.

ముందుగా శ్రుతిని విందము. ఐతరేయ బ్రాహ్మణము ఏడవ పంచికలో శునఃశేపుని కథ కలదు. ఆకలితో అలమటించుచున్న అజీగర్తుడు నూరు గోవులకు తన నడిమి కుమారుని అమ్మెను. యూపమునకు కట్టుటకు మరి నూరు, వధించుటకు మరి నూరు గైకొనెను. బాలుడు దేవతలను స్తుతింపగా కట్లు విడిపోయెను. అతడు వచ్చి విశ్వామిత్రుని ఒడిలో కూర్చుండెను. తండ్రి తిరిగి ఇమ్మని అడుగగా, దేవతలు తనకు ఇచ్చిన బిడ్డ యని విశ్వామిత్రుడు నిరాకరించెను. అతనికి దేవరాతుడను పేరు కలిగినది. విశ్వామిత్రుని నూర్గురు పైబడిన కుమారులలో పెద్దవారు ఏబదిమంది ఆ బాలుని అన్నగా అంగీకరింపలేదు. మధుచ్ఛందుడును అతని తమ్ములును అంగీకరించి తండ్రి ఆశీస్సులు పొందిరి.

ఈ కథలో మనకు రెండు పాఠములు కలవు. ధనము పుచ్చుకొని ఇచ్చినవాడు కన్నతండ్రి యయ్యును తండ్రి స్థానము కోల్పోయెను. ఒడిలో చేర్చుకొన్నవాడు తండ్రి యయ్యెను. ఇది మొదటిది. బిడ్డను తండ్రి అంగీకరించుట చాలదు, ఇంటివారందరును అంగీకరింపవలెను. ఇది రెండవది.

ఇక గోత్రప్రశ్న. దత్తుడు జనకుని గోత్రమును, ధనమును విడిచి గ్రహించిన వాని గోత్రమును పొందుననియు, పిండము గోత్రధనములను అనుసరించి పోవుననియు మనువు చెప్పెను. అంతియే కాదు. పన్నెండు విధముల పుత్రులను లెక్కించునపుడు, తలిదండ్రులు విడిచివేయగా ఇతరులు స్వీకరించిన బిడ్డకు 'అపవిద్ధుడు' అని పేరిడి, బంధువులును దాయాదులును అగు మొదటి ఆరుగురిలో చేర్చెను. కలియుగమున దత్తునే గ్రహింపవలెనని తరువాతి నిబంధనకారులు కొందరు పలికిరి. కాని విడువబడిన బిడ్డను చేరదీయుట ధర్మవిరుద్ధమని ఎవరును పలుకలేదు. నాగేటిచాలున దొరికిన సీతమ్మను జనకమహారాజు గోత్రమడిగి ఎత్తుకొనలేదు. తులసివనమున లభించిన గోదాదేవిని పెరియాళ్వారు కన్నబిడ్డవలె పెంచెను. అట్టి తల్లులకు మనము కల్యాణములు చేయుచు, అట్టి బిడ్డను పొరుగింట చూచి గుసగుసలాడుట తగునా?

దత్తతను రహస్యముగా చేయుమని కూడ శాస్త్రము చెప్పలేదు. బంధువులను పిలిచి, రాజునకు తెలిపి, ఇంటిలో హోమము చేసి స్వీకరింపుమని వసిష్ఠ ధర్మసూత్రము చెప్పినది. అనగా ఇది నలుగురును కూడి చేయవలసిన పండుగ.

ఆస్తికై దత్తత చేసుకొన్న వంశములు మన సీమలో కలవు. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో పరమపదించిన తరువాత ఆయన దత్తపుత్రుల వ్యాజ్యములు దీర్ఘకాలము సాగి సంస్థానమును క్షీణింపజేసినవి. దత్తతలో బిడ్డ ముఖ్యము గాని భూమి గాదని ఆ చరిత్ర చెప్పుచున్నది. 1956 నాటి హిందూ దత్తత చట్టము ఆడుబిడ్డను గూడ దత్తు తీసుకొను హక్కు నిచ్చినది. దత్తతకై ధనము పుచ్చుకొనుట, ఇచ్చుట నిషేధించినది.

అనాథలును, విడువబడినవారును, తల్లి అప్పగించినవారును అగు బిడ్డల దత్తత 2015 నాటి బాలల న్యాయ చట్టము ననుసరించి జరుగును. కేంద్ర దత్తత సంస్థయైన కారా వద్ద నమోదు చేసికొనవలెను. 2022 సెప్టెంబరు నుండి జిల్లా కలెక్టరే దత్తత ఉత్తర్వు నిచ్చుచున్నారు. రాజునకు తెలుపుమన్న వసిష్ఠుని మాట నేడు ఇట్లు నెరవేరుచున్నది. 2022 నిబంధనల ప్రకారము గృహ పరిశీలనకు 6,000 రూపాయలు, శిశు సంరక్షణ నిధికి 50,000 రూపాయలు చెల్లింపవలెను. తరువాతి పరిశీలనలకును, ప్రయాణములకును, వైద్య పరీక్షలకును వేరుగా వ్యయమగును.

ధనవంతునకు ఇది స్వల్పమే. మగ్గముపై బ్రదుకు వేటపాలెపు చేనేత కుటుంబమునకును, మిరపకోతలకు పోవు కూలి దంపతులకును ఇది భారము. పైగా కొన్ని సంవత్సరములు వేచియుండవలెను. అట్టి సమయముననే దళారి వచ్చి, తొందరగా బిడ్డను తెచ్చి ఇత్తునని చెప్పును. అది అజీగర్తుని మార్గము. బిడ్డను అమ్ముటకును కొనుటకును అయిదేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల జరిమానా కలవు. అట్లు కొన్న బిడ్డను అధికారులు కొనిపోయిన నాడు ఆ తల్లి కడుపుకోత నెవరు తీర్పగలరు? బిడ్డను పెంచలేని పేదతల్లి బాలల సంక్షేమ సమితికి అప్పగింపవచ్చును. మనసు మార్చుకొనుటకు ఆమెకు రెండు నెలల గడువు కలదు. 1098 సంఖ్యకు ఫోను చేసినచో దారి చూపుదురు.

కావున భక్తులకు మా విన్నపము. ఈ ఊరిలో 1918లో వెలసిన సారస్వత నికేతనము పలువురి చేయూతతో పెరిగి దేశమున పేరు గాంచినది. గ్రంథములకై చేతులు కలిపిన ఊరు బిడ్డలకై కలుపలేదా? కల్యాణోత్సవమునకు ఇచ్చు కానుకలో కొంత భాగము దత్తత కోరు పేద దంపతుల కొరకు తీసి యుంచుడు. రసీదు గల చట్టబద్ధ రుసుమునకు, కచేరికి పోయి వచ్చు ప్రయాణమునకు, పని మానిన దినముల కూలికి ఆ ధనము వినియోగింపుడు. దళారికి గాని, బిడ్డనిచ్చు వారికి గాని ఒక్క రూపాయి యైనను చేరరాదు. సాయము పొందిన వారి పేరు బయట పెట్టరాదు. దానము గుప్తముగా నుండవలెను, ఉత్సవము బహిరంగముగా నుండవలెను.

బిడ్డ ఇంటికి వచ్చిన నాడు ముత్తయిదువలు పోయి హారతి పట్టుడు. బారసాల చేయించి, తొట్టెలలో వేసి, పాటలు పాడుడు. బిడ్డ యెదుట "పెంచుకొన్నారట" యని చెవులు కొరుకుకొనకుడు. తలిదండ్రులు మాత్రము తగిన వయస్సులో ప్రేమతో సత్యమును తామే చెప్పవలెను. దేవరాతునకు తన కథ తెలియును. తెలిసియే అతడు ఋషి యయ్యెను.

ఒడి దొరకని బిడ్డయు, బిడ్డ లేని ఒడియు ఒకే సీమలో ఉండగా, వారిని ధర్మమార్గమున కలుపుట కంటె గొప్ప పూజ మరి యేది?

స్వస్తి.