వేయిపడగలతో మొదలుపెట్టకండి

ఈసారి మీలో చాలామంది అడిగిన ప్రశ్న తీసుకున్నాను. "తెలుగులో నవలలు చదవాలనుంది, దేనితో మొదలుపెట్టమంటారు?" ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే వెంటనే వచ్చే సమాధానం: వేయిపడగలు. నా సమాధానం: ఇప్పుడే వద్దు.

కోప్పడకండి. విశ్వనాథ సత్యనారాయణ గారు మన కృష్ణా జిల్లా నందమూరులో పుట్టినవారు, తెలుగులో మొదటి జ్ఞానపీఠ్ ఆయనదే, 1970కి గాను. పి.వి. నరసింహారావు అంతటాయన ఆ నవలని హిందీలోకి అనువదించారు. గొప్ప పుస్తకమే. కానీ వెయ్యి పేజీల దాకా ఉంటుంది. ఇప్పటిదాకా ఒక్క తెలుగు నవలా చదవనివాళ్ళ చేతిలో అదే పెడితే ఏమవుతుంది? ఎనభయ్యో పేజీ దగ్గర బుక్‌మార్క్ ఆగిపోతుంది, "తెలుగు మన వల్ల కాదులే" అనేస్తారు. ఈత రానివాణ్ణి ప్రకాశం బ్యారేజీ దగ్గర దింపినట్టు. దాన్ని మూడో పుస్తకంగానో నాలుగోదిగానో పెట్టుకోండి.

మరి మొదటిది? గోపీచంద్ రాసిన 'అసమర్థుని జీవయాత్ర'. గోపీచంద్ గారిది గుడివాడ దగ్గర అంగలూరు. 1940లలో వచ్చిన నవల, చిన్న పుస్తకం, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. తెలుగులో మనోవైజ్ఞానిక నవల అంటే మొదట దీని పేరే చెబుతారు. ఆ మాట చూసి భయపడకండి, కథ చాలా తేలిగ్గా నడుస్తుంది.

హీరో పేరు సీతారామారావు. బాగా ఉన్న కుటుంబం. వంశప్రతిష్ఠ నిలబెట్టాలన్న మాట బుర్రలో దిగబడిపోయి ఉంటుంది. అడిగినవాడికల్లా ఇస్తాడు, ఆస్తి కరిగిపోతుంది. ఇక పని చేసి బతకాల్సి వస్తుంది, అది చేతకాదు. చేతకాదని మాత్రం ఒప్పుకోడు! ప్రతి ఓటమికీ ఒక సిద్ధాంతం తయారుచేసుకుంటాడు. లోకం తప్పు, సంఘం తప్పు, పెళ్ళాం తప్పు. అతని మాటలు వింటుంటే తెలివైనవాడే అనిపిస్తుంది. అక్కడే ఉంది అసలు చిక్కు. మనం రాత్రి రెండింటికి ఫోన్ చూస్తూ, రేపటి నుంచి మారిపోతాను అనుకుంటూ, ఇవాళ ఎందుకు మారలేదో మనకి మనమే లెక్చర్ ఇచ్చుకుంటాం చూశారా, ఆ గొంతే అది. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందటే ఆయన పట్టేసుకున్నారు.

ఇంకో సంగతి. 'ఎందుకు' అని అడగడం తనకి నేర్పింది నాన్నేనని చెబుతూ ఈ నవలని తండ్రికి అంకితమిచ్చారు గోపీచంద్. ఆ తండ్రి ఎవరో కాదు, హేతువాది కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. ప్రశ్నించడం నేర్చుకున్న కొడుకు, ప్రశ్నల్లోనే చిక్కుకుపోయి చేతులు కదపలేని మనిషి కథ రాసి నాన్నకిచ్చాడు. నాకైతే ఆ అంకితం కూడా నవలలో భాగంలాగే అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. మనసు అసలు బాగోలేని రోజుల్లో ఇది చదవకండి, చివరి పేజీలు చాలా చీకటిగా ఉంటాయి. అలాంటప్పుడు ముందు ఎవరితోనైనా మాట్లాడండి. పుస్తకమే కావాలంటే 'బారిష్టర్ పార్వతీశం' పట్టుకోండి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు రాశారు, మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరతాడు, మీరు నవ్వుతారు. అంతే, దాని గురించి ఇంకేం చెప్పను.

ఇప్పుడు రెండోది, ఇది నవల కాదు, ఆత్మకథ. అంగలూరుకి ఎంతో దూరం లేదు పామర్రు. ఆ ఊళ్ళో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి', 2012లో వచ్చింది. అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి.

ఊహ తెలియని వయసులో పెళ్ళి, చిన్నతనంలోనే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో మళ్ళీ పెళ్ళి. కమ్యూనిస్టు పార్టీలో పాటలు పాడారు, నాటకాలు వేశారు, అజ్ఞాతంలో తిరిగారు. ఆ తర్వాత భర్త వదిలేశాడు. ఆయన పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది, 1980లో పీపుల్స్ వార్ పెట్టిన మనిషిగా. మరి ఈవిడ? హైదరాబాద్ వెళ్ళి ఆంధ్ర మహిళా సభలో చేరి, పిల్లల తల్లి అయ్యాక మెట్రిక్ చదివారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కి మేట్రన్‌గా పనిచేసి సొంత కాళ్ళ మీద నిలబడ్డారు. కొడుకు ఉద్యమంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. డాక్టరైన కూతురినీ పోగొట్టుకున్నారు.

ఇంత జరిగిన మనిషి ఎంత కోపంగా రాయాలి? పుస్తకంలో ఆ కోపం వెతికినా పెద్దగా దొరకదు. తిట్లు లేవు, జాలి అడుక్కోవడం లేదు. నాకు బాగా పట్టిన చోటు చెబుతాను. ముసలితనంలో సీతారామయ్య గారు విజయవాడలో ఉన్నప్పుడు, వెళ్ళి చూడాలా వద్దా అని ఈవిడ తేల్చుకోవాల్సి వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. ఆవిడ ఏం చేశారో నేను చెప్పను. మీరైతే ఏం చేసేవారో ముందు అనుకుని, అప్పుడు ఆ పేజీలు చదవండి.

ఈ రెండూ వెంట వెంటనే చదవమనడానికి కారణం ఉంది. సీతారామారావుకి అన్నీ ఉన్నాయి, బతకడం రాలేదు. కోటేశ్వరమ్మ గారి దగ్గర ఒక్కొక్కటే పోయాయి, ఆవిడ నూరేళ్ళ వయసులో, 2018లో వెళ్ళిపోయారు. ఒకటి కల్పన, ఒకటి నిజం, పోలిక సరికాదని మీరు అనొచ్చు. కావచ్చు. అయినా పక్కపక్కనే పెట్టి చూడండి. ఆవిడ ఇల్లు గడుపుకోవడం, హాస్టల్లో పిల్లల్ని చూసుకోవడం లాంటి చిన్న చిన్న పనుల గురించి రాసినప్పుడల్లా నాకు సీతారామారావు ఖాళీ చేతులు గుర్తొచ్చాయి.

ఎక్కడ దొరుకుతాయి అంటారా? విజయవాడలో ఉంటే ఏలూరు రోడ్డు మీద పుస్తకాల షాపుల్లో అడగండి. డబ్బులు తక్కువుంటే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు వెతకండి, ఓపిక మాత్రం కావాలి. జనవరి దాకా ఆగగలిగితే పుస్తక మహోత్సవం ఎలాగూ ఉంది. తెలుగు చదవడం కష్టమనుకునేవాళ్ళకి, 'నిర్జన వారధి' ఇంగ్లీషులో 'ది షార్ప్ నైఫ్ ఆఫ్ మెమరీ' పేరుతో వచ్చింది. అందులో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. జైల్లో రాసిన నవల, తెల్లవాళ్ళు నిషేధించిన నవల. ఈలోపు వేయిపడగలు మధ్యలో ఆపేసినవాళ్ళు ఏ పేజీ దగ్గర ఆపారో నిజాయితీగా కామెంట్ పెట్టండి, చూద్దాం ఎంతమంది ఉన్నారో. ఉంటాను మరి.