చెరువు చేపకు ఏ వల కొనాలి?

వ్యవసాయం మాటల్లో ఈ వలల మాట ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. మన అనంతపురం పీఠభూమిలో చెరువు నిండిన ఏడు చేప కూడా ఒక పంటే. మన సీమలో సాలుకు కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఏటా కురుస్తుందన్న నమ్మకం లేదు. బుక్కరాయసముద్రం, శింగనమల, ధర్మవరం, బుక్కపట్నం వంటి పెద్ద చెరువులకే నిండని ఏండ్లు ఎన్నో ఉన్నవి. 2022లో జిల్లా రెండుగా విడిపోయి ధర్మవరం, బుక్కపట్నం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గాని, కరువు మాత్రం ఇరువైపులా ఉమ్మడిగానే ఉన్నది. పెన్నహోబిలం, మధ్య పెన్నార్ జలాశయాలకు తుంగభద్ర నీరు, జీడిపల్లి జలాశయానికి హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నీరు వస్తున్నందున ఆ చుట్టుపక్కలవారికి కొంత ఆసరా కలిగింది. మిగిలిన ఊళ్ళలో మబ్బే దిక్కు.

ఇటువంటి చోట నీళ్ళున్న ఆ కొద్ది నెలల్లోనే చేప పట్టాలి. ఆ నెలల్లో వల చినిగి మూలపడితే మళ్ళీ చెరువు నిండేది ఎప్పుడో చెప్పలేము. ఈలోగా సంసారం గడవడానికి బెంగుళూరు బస్సు ఎక్కవలసిందే. కావున వల కొనేటప్పుడు మూడు సంగతులు తూచి చూడాలి: సరుకు నాణ్యం, ధర, అక్కరకు ఆగే గుణం. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట సరుకు. మన తాతలు నూలు వలలు వాడేవారు. నూలు నీళ్ళలో కుళ్ళుతుంది. తుమ్మచెక్క కషాయంలో ఉడికించి, రోజూ ఆరబెట్టి, ఎంతో పాటుపడితే గాని నిలిచేది కాదు. నైలాను 1935లో అమెరికాలో తయారైంది. 1957లో జర్మనీలోని హాంబర్గులో ప్రపంచ దేశాలవారు చేపల వలలపై పెద్ద సభ జరిపినారు. అదే సంవత్సరం మన దేశంలో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏర్పడింది. ఆ కాలం నుండి నైలాను వలలు క్రమంగా నూలు వలలను వెనక్కు నెట్టినవి.

ఇప్పుడు అంగడిలో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి.

ఒకటి, పురి నైలాను. సన్నని పోగులను పేటలుగా పేని అల్లినది. మెత్తగా ఉంటుంది, కుళ్ళదు, చినిగినచోట ఇంట్లోనే కుట్టుకోవచ్చు. తడిస్తే బలం సుమారు పదో వంతు తగ్గుతుంది గాని అది లెక్కలోనిది కాదు. దీనికి అసలు శత్రువు ఎండ.

రెండవది, ఒంటిపోగు నైలాను. దీన్నే టంగుసు అంటారు. గాజువలె ఉండి తేటనీటిలో చేపకు కనబడదు. కావున రాత్రి నీటికి అడ్డంగా కట్టి వదిలితే బాగా పడుతుంది. ధర తక్కువ. కాని బిరుసుగా ఉంటుంది, ముడి జారుతుంది, ఒక కన్ను తెగితే పక్క కన్నులు కూడా వదులవుతాయి. కుట్టుకొని వాడడం కష్టం.

మూడవది, పాలిథీను దారం. ఇది నీటిలో తేలుతుంది, తడిసినా బలం తగ్గదు. తాళ్ళకూ, పదిమంది పట్టి ఈడ్చే లాగుడు వలలకూ మంచిది. చేప మొప్పలు చిక్కవలసిన కట్టు వలకు మాత్రం ఇది మొరటు.

పురి నైలాను కట్ట మీద 210/2/3 అని అంకెలు ఉంటాయి. ఇవేమిటని కంగారు పడవద్దు. 9,000 మీటర్ల పోగు 210 గ్రాములు తూగుతుందని మొదటి అంకెకు అర్థం. అటువంటి పోగులు రెండు కలిపి ఒక పేట, మూడు పేటలు కలిపి ఒక దారం. అంటే మొత్తం ఆరు పోగులు. 210/3/3 అంటే తొమ్మిది పోగులు, ఒకటిన్నర రెట్లు బరువు. వల బట్టను కిలోల లెక్కన అమ్ముతారు. సన్నదారమైతే కిలోకు ఎక్కువ బట్ట వస్తుంది, లావుదారమైతే తక్కువ వస్తుంది. కిలో ధర ఒక్కటే చూసి బేరం చేస్తే మోసపోతాము. ఏ దారమో, ఎంత పొడవో, ఎన్ని కన్నుల లోతో కలిపి అడగాలి.

ఇక ధర. ఇక్కడ లెక్క అర్థం కావడానికి అంకెలు ఊహించి చెబుతున్నాను. మీ ఊరి ధరలు వేసుకొని మీరే లెక్క చూసుకోండి. టంగుసు వల 2,000 రూపాయలు, నీటిలో 50 రోజులు నిలుస్తుందనుకుందాం. పురి నైలాను వల 4,500 రూపాయలు, 150 రోజులు నిలుస్తుందనుకుందాం. మొదటిది రోజుకు 40 రూపాయలు పడింది, రెండవది 30 రూపాయలే పడింది. "అయితే ఖరీదైనదే చవక గదా!" అంటారు మీరు.

తొందరపడకండి. మన చెరువులో నీళ్ళు 150 రోజులు ఉంటేనే ఆ లెక్క. ఏడాదికి 40 రోజుల వేట మాత్రమే దొరికే చెరువైతే, మూడు సాళ్ళకు కలిపి 120 రోజులు. టంగుసు వలలు రెండు చాలవు, మూడు కొనాలి, 6,000 రూపాయలు. పురి నైలాను ఒకటే చాలు, 4,500 రూపాయలు. ఇప్పటికీ 1,500 రూపాయలు మిగులే. కాని ఆ పై 2,500 రూపాయలు చేతిలో లేక, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి రెండేండ్లు తీర్చలేకపోతే, వడ్డీయే 1,800 రూపాయలు. అప్పుడు మంచి వల 6,300కు పడింది, మిగులు కాస్తా వడ్డీవ్యాపారి ఇంటికి పోయింది.

దీనివల్ల తేలేది ఏమంటే, మంచి వల రెండు షరతుల మీదనే చవక. ఒకటి, అది అధిక వడ్డీ అప్పు మీద రాకూడదు. రెండు, నీళ్ళు లేని ఏండ్లలో అది ఇంట్లో చెడకూడదు. మొదటిదానికి మత్స్య సహకార సంఘమే మార్గం. నలుగురైదుగురు కలిసి ఒక్కసారి బట్ట కొంటే బేరమూ కుదురుతుంది. మీ ప్రాంతపు మత్స్యశాఖ అధికారిని కలిసి వలలకు ఆ ఏడాది ఏమైనా సహాయం ఉన్నదేమో ముందుగా విచారించండి.

ఇక అక్కరకు ఆగే గుణం. ఇది వల ఒక్కదానిలోనే లేదు, చెరువులో కూడా ఉన్నది. మన చెరువులు ఏండ్లతరబడి ఎండి ఉన్నప్పుడు లోపల సర్కారు తుమ్మ అడవిలా పెరుగుతుంది. నీళ్ళు వచ్చాక ఆ ముళ్ళకంప, మోళ్ళు అడుగున దాగి ఉంటాయి. అటువంటి చెరువులో టంగుసు వల వేస్తే ఒక్క రాత్రికే పీలికలు కావచ్చు. అందుకని వల కొనేముందు చెరువును చూడండి. అది ఎండి ఉన్నప్పుడే సంఘమంతా కలిసి, పంచాయతీతో మాట్లాడి, వల వేసే మేర కంపను వేళ్ళతో పెకలించితే అది వలకు పెట్టిన పెట్టుబడికంటే మేలు. నరికి వదిలిన మోడు మళ్ళీ చిగురిస్తుంది, వలనూ చించుతుంది. అడుగు శుభ్రంగా ఉండి, నీరు తేటగా ఉండి, రెండు నెలల్లో ఎండిపోయే కుంటకు టంగుసు వల చాలు. కంప ఉన్నచోట, ఏటా నీళ్ళున్న జలాశయంలో పురి నైలాను వేయండి. విసురు వలకు టంగుసు త్వరగా మునుగుతుంది, నిజమే. కాని రాతినేల మీద ఈడ్చేటప్పుడు పురి నైలానే మన్నుతుంది.

కన్ను విషయం మరువరాదు. మీరు పట్టదలచిన సైజు బొచ్చె గాని, శీలావతి గాని ఒకటి తీసుకొని, మొప్పల వెనుక ఒక దారం చుట్టి కొలవండి. తరువాత ఒళ్ళు బాగా లావుగా ఉన్నచోట కొలవండి. వల కన్ను నాలుగు పక్కలూ కలిపిన చుట్టుకొలత ఈ రెండు కొలతలకు నడుమ ఉండాలి. అప్పుడు తల దూరుతుంది, ఒళ్ళు దూరదు. ఎక్కువ పడుతుందని చిన్నకన్ను కొంటే, వదిలిన పిల్లలు పెరగకముందే బుట్టలోకి వస్తాయి. పచ్చికంకులు కోసినట్లే అది.

అంగడిలో చేయవలసిన పరీక్షలు చిన్నవే. పది కన్నులు సాగదీసి కొలిచి పదితో భాగించండి. చెప్పిన కొలత రావాలి. ముడిని రెండువైపులా గట్టిగా లాగండి, జారరాదు. దారం ముక్క సబ్బునీటిలో బాగా నానబెట్టి నీళ్ళ చెంబులో వేయండి. నైలాను మునుగుతుంది, పాలిథీను తేలుతుంది. నైలాను అని చెప్పి పాలిథీను అంటగడితే చెంబుడు నీళ్ళే సాక్ష్యం చెబుతాయి.

తెచ్చిన వలను కాపాడడం మీ చేతిలో పని. వేట కాగానే బురద, జిగురు పోయేటట్లు మంచినీళ్ళతో కడగండి. చేపవాసన మిగిలితే ఎలుకలు వస్తాయి. నీడలో ఆరవేయండి. గట్టు మీద ఎండలో రోజులకొద్దీ వదిలిన నైలాను చూపుకు బాగానే ఉన్నా చేతికి పుటుక్కుమంటుంది. చిన్న చినుగు ఉన్నప్పుడే కుట్టండి. చెరువు ఎండిన ఏట మూత ఉన్న రేకుడబ్బాలో చీకటిచోట పెట్టి, అప్పుడప్పుడు తీసి చూడండి. తెగిన టంగుసు ముక్కలను చెరువులో వదలవద్దు. నీళ్ళలో అవి ఊరికే చేపలను చంపుతుంటాయి. ఎండినాక మేతకు దిగిన గొర్రెల కాళ్ళకూ, కొంగల కాళ్ళకూ చుట్టుకుంటాయి.

ఈ మాటలన్నీ విని, వల ఎంతకు వచ్చిందని కాక, నీళ్ళలో ఎన్నాళ్ళు పనిచేస్తుంది, రోజుకు ఎంత పడుతుంది అని లెక్క వేయండి. ఆ లెక్కలో వడ్డీని కలపండి, చెరువు అడుగున ఉన్న కంపను కలపండి. నీళ్ళు వచ్చిన తరువాత అంగడికి పరుగెత్తితే బేరం మన చేతిలో ఉండదు. చెరువు ఎండి ఉన్నప్పుడే కంప తీసి, వల సిద్ధం చేసి ఉంచుకొన్నవాడికే మొదటి వాన మేలు చేస్తుంది.