సర్వీసు లెక్కకు రాదు, వయసు మాత్రం వస్తుందా?



2025లో డీఎస్సీ రాయడానికి కొండ దిగి మైదానంలోని సెంటరుకి వెళ్ళాను. లైన్లో నా ముందున్న మనిషి వెనక్కి తిరిగి, "ఏటిరా, నువ్వూ రాస్తున్నావా?" అన్నారు. చూస్తే ఆశ్రమ పాఠశాలలో నాకు లెక్కలు చెప్పిన సారు! వయసు 47. పదహారేళ్ళుగా సీఆర్టీ, అంటే కాంట్రాక్టు టీచరు.

దాచకుండా చెప్తాను. ఆ క్షణంలో నా మనసులో వచ్చిన మాట, "ఈ వయసులో ఈయనకెందుకు? మాకు వదిలేయొచ్చు కదా!" మీలో కూడా కొందరు ఇదే అంటున్నారు. అందుకే ఈ రోజు ఇది మాట్లాడుతున్నాను.

ఆయన వయసు ఎలా పెరిగిందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ పెద్ద డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లోనే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో ఒక నోటిఫికేషన్ ఇచ్చారు, అదీ రద్దయింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇందులో సారు చేసిన తప్పేముంది? ఆలస్యం ప్రభుత్వానిది, కరిగిపోయిన ఏళ్ళు మాత్రం ఆయనవి.

"వయోపరిమితి 44కి పెంచాం, ఎస్టీలకి 49 ఇచ్చాం కదా" అంటారు. ఇచ్చారు, కాదనను. కానీ దానితో వచ్చింది హాల్ టికెట్టే. ఎస్జీటీ, స్కూల్ అసిస్టెంట్ పోస్టులకి పరీక్షకి 80 మార్కులు, టెట్‌కి 20. పదహారేళ్ళ సర్వీసుకి సున్నా. నేను కోచింగ్‌కెళ్ళి కంప్యూటర్ మీద మాక్ టెస్టులు రాశాను. సారుకి పగలు క్లాసు, రాత్రి హాస్టల్లో స్టడీ అవర్. ఆయన ఎప్పుడు చదవాలి?

మూడో తరగతిలో చేరినప్పుడు నాకు తెలుగు సరిగ్గా రాదు. సారు ముందు కువిలో చెప్పి, తర్వాత మెల్లగా తెలుగులోకి తెచ్చేవారు. అలా చెప్పకపోతే నాలుగు నెలలకే బడి మానేసేవాడిని. ఆ పనితనాన్ని కొలిచే ప్రశ్న ఆ పేపర్లో ఒక్కటీ లేదు. తక్కువ జీతానికి పని చేయించుకున్నన్నాళ్ళూ ఆయన అనుభవం కావాలి. పోస్టు ఇచ్చే రోజు మాత్రం అది కనబడదు. రేపు ఆ బడికి రెగ్యులర్ టీచరు వస్తే ఉన్న పని కూడా పోతుంది.

"పెద్దవాళ్ళకి ఇస్తే మనకి తగ్గిపోతాయి" అంటారా? ఈ రోజు 24 ఏళ్ళకి సీఆర్టీగా చేరుతున్న తమ్ముడూ, పదేళ్ళు పోయాక నువ్వూ ఆ లైన్లోనే ఉంటావు. ఒక్క పోస్టు పడేసి గురువునీ శిష్యుడినీ కొట్టుకోమంటే మనం కొట్టుకోవాలా? పోస్టులు ఎందుకు తక్కువయ్యాయని కలిసి అడగాలా?

మనం అడగాల్సినవి మూడు. ఏజెన్సీలో పని చేసిన ప్రతి ఏడాదికీ వెయిటేజీ మార్కులు ఇవ్వాలి. చేసిన సర్వీసంత కాలం వయోపరిమితిలో సడలించాలి. జీవో 3 స్థానంలో కోర్టులో నిలబడే చట్టం తెచ్చి, ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ పెట్టాలి.

ఇంటికెళ్ళాక ఒక పని చెయ్యండి. మీ మండలంలో ఎంతమంది సీఆర్టీలున్నారో, ఏ ఏడాది చేరారో, ఇప్పుడు వయసెంతో రాయండి. వాళ్ళ నియామక ఉత్తర్వులు, సర్వీసు సర్టిఫికెట్లు ఫోటో తీసి పెట్టండి. కాగితం లేకుండా ఐటీడీఏకి వెళ్తే చూద్దాంలే అని పంపేస్తారు. ఆ జాబితా పట్టుకుని అందరం కలిసి వెళ్దాం.

ఆ డీఎస్సీలో నాకు ఉద్యోగం రాలేదు. సారుకీ రాలేదు. వచ్చే నోటిఫికేషన్‌కి నాకు వయసుంటుంది. ఆయనకి ఉంటుందో లేదో ప్రభుత్వం చేతిలో ఉంది, మన చేతిలో కూడా ఉంది.

జై ఆదివాసీ!