పుష్యమికి దక్షిణాన ఒక పొగమరక



ఎవరిని తలచుకోవడానికి ఇవాళ ఇక్కడ చేరామో, ఆ మాస్టారు మాకు ఆకాశాన్ని డాబా మీద నిలబెట్టి నేర్పారు. ఊళ్లో అందరూ పిల్లలకోడి అనే కృత్తికలతో మొదలుపెట్టి పుష్యమి దాకా తీసుకెళ్లేవారు. అక్కణ్ణుంచి బైనాక్యులర్స్ ఎనిమిది డిగ్రీలు దక్షిణానికి దించమనేవారు. పల్చటి పొగమరక ఒకటి కనబడేది. అది ఎం67 అనే తారాగుచ్ఛం. నా ఉపన్యాసం ఆ మరక గురించే.

పుష్యమి గుచ్ఛం వయసు సుమారు 60–70 కోట్ల ఏళ్లు. అదే కర్కాటక రాశిలో ఉన్న ఎం67 వయసు దాదాపు 400 కోట్ల ఏళ్లు, అంటే ఇంచుమించు మన సూర్యుడి ఈడు. చుక్కలకు జాతకచక్రం ఎవరూ రాసిపెట్టలేదు కదా, మరి ఈ లెక్క ఎలా తేలింది?

ముందుగా తారల అసలు వెలుగూ రంగూ తెలియాలి. 1930లో ఖగోళవేత్త ట్రంప్లర్ తారాగుచ్ఛాలను కొలిచి, తారల నడుమ ధూళి ఉందని రుజువు చేశాడు. ఆ ధూళి వెలుగును తగ్గించడమే కాదు, ఎర్రబరుస్తుంది కూడా. అంటే మనకు కనిపించే రంగు పూర్తిగా తారదే కాదు. 1953లో జాన్సన్, మోర్గాన్ అతినీలలోహిత, నీలి, దృశ్య ఫిల్టర్లతో ఒక కొలమానాన్ని స్థిరపరిచారు. ఫొటోమల్టిప్లయర్ అనే వెలుగు కొలిచే సాధనం మీద ఒక్కో తార వెలుగునూ విడిగా పట్టి, పక్కనున్న ఖాళీ ఆకాశపు వెలుగును అందులోంచి తీసేయాలి. ఎంతో ఓపిక కావలసిన పని.

ఆ ఓపిక ఫలితమే 1955లో జాన్సన్, శాండేజ్ ప్రచురించిన ఎం67 రేఖాచిత్రం. గుచ్ఛంలోని తారలన్నీ ఒకే కాన్పు పిల్లలు, మన నుంచి ఉన్న దూరమూ అన్నిటికీ ఒకటే. కాబట్టి ప్రకాశాన్ని నిలువునా, రంగును అడ్డంగా గుర్తిస్తే తారల మధ్య కనిపించే తేడా బరువు వల్ల వచ్చిందే. బరువైన తార ఇంధనాన్ని త్వరగా ఖర్చుచేసి ఎర్రటి మహాతార అవుతుంది. ఇంధనం ఇంకా అయిపోక, ప్రధాన వరుస అనే గీత మీద నిలిచి ఉన్న తారల్లో అన్నిటికన్నా బరువైనది ఎక్కడుందో అక్కడ ఆ గీత మలుపు తిరుగుతుంది. కృత్తికల్లో ఆ మలుపు నీలి తారల దగ్గర ఉంటే, ఎం67లో సూర్యుడి కన్నా కాస్త బరువైన తారల దాకా దిగివచ్చింది. వయసు చెప్పేది ఆ మలుపే. నా దృష్టిలో గత శతాబ్దపు అందమైన చిత్రాల్లో ఇదొకటి.

వయసులు మాత్రం ఒక్కసారికే తేలలేదు. ఎన్.జి.సి. 188 అనే మరో గుచ్ఛానికి 1962లో శాండేజ్ వెయ్యి కోట్ల ఏళ్లు దాటిన వయసు కట్టాడు. నేటి లెక్కలో అది 600–700 కోట్లే. ధూళి సవరణ, లోహాల పాలు, తార అంతర్భాగపు గణితం మెరుగుపడిన కొద్దీ అంకె దిగివచ్చింది.

ఇంత ముసలి గుచ్ఛాలు అరుదు. పాలపుంత తలంలో తిరిగే భారీ వాయుమేఘాలు గుచ్ఛాలను చెదరగొడతాయని 1958లో స్పిట్జర్ లెక్కకట్టి చూపాడు. ఎం67 ఆ తలానికి చాలా ఎత్తున ఉంది. అది బతికి బట్టకట్టడానికి అదో కారణం.

ఒక చిక్కు మిగిలింది. మలుపు దాటి ఎప్పుడో ఎర్రబడవలసిన కొన్ని తారలు, మలుపుకు పైన ఇంకా నీలంగా వెలుగుతూ కనబడ్డాయి. పక్క తార నుంచి పదార్థం అంది అవి మళ్లీ యవ్వనం పొంది ఉంటాయని 1964లో మెక్రే సూచించాడు. ఆ సూచనకు ఆధారం చాలా ఏళ్లకు దొరికింది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఎగిరింది. అందులోని అతినీలలోహిత దూరదర్శిని ఎన్.జి.సి. 188లో అలాంటి నీలి తార ఒకదాన్ని కొలిస్తే, మామూలు ఫిల్టర్లలో దొరకని ఒక వేడి తోడు బయటపడింది. తన పైపొరలను పక్కదానికి ధారపోసి మిగిలిన వృద్ధతార అది.