ఒక పండితుడు, ఒక మహాసభ, మన ఊరి పూజ



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల కతోలిక కుటుంబాలు ఆదివారం పూజను తెలుగులో వింటున్నాయి. గురువు ప్రార్థన తెలుగులోనే. బైబిలు పఠనం చదివేది చాలాసార్లు మామూలు విశ్వాసులే. ఒకప్పుడు గురువు పూజ ప్రార్థనలు లతీనులో చెప్పేవారు.

మరి ఈ మార్పు ఎలా వచ్చింది? రోములో జరిగిన రెండో వాటికన్ మహాసభతో వచ్చింది. 1962లో మొదలై 1965లో ముగిసిన సభ అది. ప్రజల భాషలో పూజకు 1963లో అదే దారి తెరిచింది.

ఆ సభలో ఓటు పీఠాధిపతులది. వారికి తోడుగా పండితులున్నారు. వారిలో ఒకరు ఈవ్ కొంగార్, ఫ్రాన్సు దేశపు డొమినికన్ గురువు. శ్రీసభలో సంస్కరణ అవసరమని, గృహస్థ క్రైస్తవులకూ బాధ్యత ఉందని రాశారాయన. అందుకు 1954లో ఆయన్ను బోధన నుంచి తప్పించారు. దూరం పంపారు. ఆయన శ్రీసభను వీడలేదు. చదువు ఆపలేదు.

1960లో పోపు ఇరవైమూడో జాన్ ఆయన్నే మహాసభ సన్నాహక సంఘానికి సలహాదారుగా పిలిచారు. శ్రీసభ గురించిన మహాసభ పత్రంలో కొన్ని భాగాలు కొంగార్ రాసినవే. ఆ పత్రం ముందు దేవుని ప్రజలందరి గురించి చెబుతుంది. అధికారుల గురించి ఆ తర్వాతే చెబుతుంది. ఆ వరుసే గొప్ప మార్పు. 1994లో ఆయన్ను కార్డినల్ చేశారు.

గుర్తుంచుకోవలసింది ఒక్కటే. శ్రీసభ అంటే గురువులు మాత్రమే కాదు, విశ్వాసులందరూ. కాబట్టి మీ విచారణలో పఠనం చదవమంటే, బాధ్యత తీసుకోమంటే వెనకాడకండి. అది మీ హక్కు, మీ పని కూడా.