సమాధానము అనే మాట

(సూరత్ నగరంలోని తెలుగు కుటుంబాల క్రిస్మస్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రసంగించవలసినదిగా నన్ను కోరినప్పుడు మొదట సంకోచించాను. నేను క్రైస్తవుడను కాను. దైవశాస్త్రం చదివినవాడను అంతకంటె కాను. హిందీలో ఎం.ఎ. చదివి, హిందీ నుండి తెలుగులోకి అనువాదాలు చేసుకొని జీవించే వాడిని. ఆ మాటే చెప్పగా, ఆహ్వానించడానికి వచ్చిన పెద్దలు నవ్వి, "మీరు మతాన్ని గురించి చెప్పనక్కరలేదు, మీకు తెలిసిన ఒక మాటను గురించి చెప్పండి" అన్నారు. ఆ మాట ఏదో వారికి తెలుసు, నాకూ తెలుసు. అందువల్ల అంగీకరించాను.

మా వృత్తిలోని వారికి కొన్ని మాటలు దారిలోని గోతుల వంటివి. రెండు భాషలలోనూ ఒకే రూపంతో కనిపించి, అర్థంలో మాత్రం దారులు వేరైన మాటలవి. 'సమాధానం' అట్టిది. హిందీలో సమాధాన్ అంటే సమస్యకు పరిష్కారం. తెలుగులో ప్రశ్నకు జవాబు. ఈ నగరంలోని గుజరాతీ వర్తకుడు సమాధాన్ అన్నాడంటే తగవు తీర్చుకొనడం, రాజీపడడం. వృత్తిలో చేరిన తొలి సంవత్సరం నేను ఒక శీర్షికలో హిందీ సమాధాన్‌ను తెలుగు సమాధానంగానే ఉంచి, పెద్దలచేత మందలింపు పొందాను. నాటి నుండి ఆ మాట కనబడితే చాలు, కలం ఆపి ఒకసారి ఆలోచించడం అలవాటైనది.

తెలుగు బైబిలు తెరచిన వారికి నాలుగవ అర్థం ఎదురవుతుంది. హిందీ బైబిలులో శాంతి అని ఉన్న అనేక స్థలాలలో తెలుగులో సమాధానము అని ఉన్నది. యోహాను సువార్త 14వ అధ్యాయంలో, యేసు తన శిష్యుల వద్ద సెలవు పుచ్చుకొనే సందర్భాన, తెలుగులోనూ శాంతి అనే మాటే వాడారు. కాని పౌలు ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన పత్రిక 4వ అధ్యాయానికి వచ్చేసరికి అది సమాధానము అయినది. మూలమైన గ్రీకులో రెండు చోట్లా ఒకటే పదం. దాని వెనుక హీబ్రూ షాలోమ్ ఉన్నది. కలహం లేకపోవడం మాత్రమే షాలోమ్ కాదు, కొరత లేకుండా పూర్ణంగా ఉండడం. మన సమాధానానికి సంస్కృత వ్యుత్పత్తి చూడండి: చెదరిన దానిని ఒకచోట చక్కగా కూర్చి నిలపడం. యోగులు చెప్పే సమాధి కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. ఇక చింతకు గ్రీకు గ్రంథంలో వాడిన మాటకు, భాగాలుగా విడిపోవడం అనే అర్థం గల ధాతువుతో సంబంధమున్నదని పలువురు పండితులు చెబుతారు. అనగా చింత మనిషిని ముక్కలు చేస్తుంది, సమాధానము ఆ ముక్కలను కూర్చుతుంది. తోటి పనివానిగా, ఆ మాటను ఎంచుకొన్న పాత అనువాదకులకు చేతులెత్తి నమస్కరిస్తాను.

ఆ పాత అనువాదకుల కథకు మనము కూర్చున్న ఈ ఊరితో చుట్టరికమున్నది. లండన్ మిషనరీ సంఘం 1805లో విశాఖపట్టణానికి జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరిని పంపినది. ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణుడు వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారి కృషి ఫలించి మూడు సువార్తలు తెలుగులో అచ్చయినది 1812లో, సేరంపూరులో. అచ్చు పుస్తకాన్ని ఆ ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. అదే సంఘం 1815లో ఈ సూరత్‌కు జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీలను పంపగా, 1820వ దశకం తొలి సంవత్సరాలలో గుజరాతీ బైబిలు ఇక్కడే అచ్చయినది. తరువాతి తరంలో గుజరాతీ వ్యాకరణం రచించిన జె.వి.ఎస్. టేలర్ పుట్టినది మన పొరుగున ఉన్న బళ్లారిలో. తూర్పు తీరానికీ పడమటి తీరానికీ మధ్య మాటలు ఇట్లా ప్రయాణం చేశాయి.

కతార్‌గాం ద్వారం వైపు వెళ్లినవారు ఆంగ్లేయుల సమాధులను చూచి ఉంటారు. డచ్చివారి శ్మశానంలో 1691లో మరణించిన వాన్ రీడ్ గోపురం కూడా చూచి ఉంటారు. బ్రతికి ఉన్నప్పుడు వర్తకంలో పోటీపడినవారు, మరణించిన తరువాత గోపురాల ఎత్తులో పోటీపడ్డారు. సమాధి అనే మాట అక్కడా ఉన్నది గాని, నేను చెప్పదలచిన సమాధానము ఆ గోపురాల క్రింద నాకు దొరకలేదు. అది లింబాయత్‌లోని మా సందులో, రెండు గదుల ఇంట్లో దొరికినది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది. మరమగ్గాలు, మనవారి మాటలో సాంచాలు, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఈ ఊరిలో పుట్టి పెరిగిన పిల్లలకు సాంచాల చప్పుడు లేని రాత్రి ఎట్లా ఉంటుందో అప్పుడే తెలిసినది. నా అనువాదాల పని కూడా ఆగినది. మా నాయనగారి కూలి ఆగినది. ఇంట్లో నాలుగేళ్ల పాప. రాత్రి పడుకొంటే నిద్ర రాదు. లేచి, మిగిలిన డబ్బు లెక్క వేసుకొనేవాడిని. లెక్క మారదని తెలిసీ మళ్లీ వేసేవాడిని.

పగటివేళ నాకు ఒక పని పడినది. చేతి ఫోనులకు వచ్చే హిందీ ప్రకటనలను సందులోని తెలుగువారికి చదివి అర్థం చెప్పడం. ప్రతి ప్రకటనలోనూ 'చింతా న కరేఁ' అని ఉండేది. చింతించవద్దు, చింతించవద్దు అని నేను రోజుకు పదిసార్లు చెప్పేవాడిని. తెలుగులో చింత అంటే పులుసుకు పనికివచ్చే చెట్టైనా ఉన్నది, ఈ చింత దేనికీ పనికిరాదు. చెప్పే నాకే నమ్మకం లేని మాట వినేవారికి ఏమి ఊరట ఇస్తుంది?

మా ఎదురింట్లో ఒక అవ్వ, తాత ఉండేవారు. నలభై ఏళ్ల క్రితం మెదక్ ప్రాంతం నుండి బ్రతుకుతెరువుకు వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఒక సాయంత్రం నేను చదవడం ముగించగానే తాత విసుగుతో అన్నాడు:

"చింత జేయొద్దని ఎవరు రాసిండ్రు? కడుపు నిండినోళ్లే గదా!"

అవ్వ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "పౌలు గూడ గదే రాసిండు. ఆయన జైల్ల ఉండి రాసిండు" అన్నది.

నేను ఎం.ఎ. చదివినవాడిని. ఒక వాక్యం అర్థం దానిని ఎవరు, ఎక్కడి నుండి పలికారన్న దానిపై ఆధారపడి ఉంటుందని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడిని. అయినా ఆ సంగతి నాకు అవ్వ చెప్పేదాకా స్ఫురించలేదు. ఫిలిప్పీ పత్రిక సంకెళ్లలో ఉన్నవాడు వ్రాసిన ఉత్తరం. విడుదల అవుతాడో, మరణశిక్ష పడుతుందో తెలియనివాడు బయట ఉన్నవారిని ఓదార్చుతున్నాడు.

తాత అంతటితో ఊరుకొనలేదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు పొలంలోని పువ్వులను చూపి, అవి నూలు వడకకపోయినా దేవుడు వాటిని అలంకరిస్తున్నాడని చెప్పిన సంగతి మీలో అనేకులకు తెలుసు. "వడకని పువ్వుకు బట్ట దొరికె, జన్మంత బట్ట నేసిన నాకు కూలి దొరకకపాయె" అన్నాడు తాత. నేతపనివాడు ఆ వాక్యాన్ని చదివితే ఇట్లాగే చదువుతాడు. ఆయన కోపంలో న్యాయమున్నదని నేను నేటికీ అనుకొంటాను. అవ్వ కూడా కాదనలేదు. కొంతసేపు ఆగి, "పువ్వులెక్క పని జేయకుంట కూసోమన్లే దేవుడు. రేపటి సాంచను ఇయ్యాల్నే నడపొద్దన్నడు" అన్నది.

రాత్రి ఎనిమిది గంటలకు ఆమె ఒక కీర్తన పాడి ప్రార్థన చేసేది. ఇరుకు సందు గనుక మాకు ప్రతి మాటా వినిపించేది. ఆమె పాడిన వాటిలో పురుషోత్తమ చౌదరి కీర్తనలు కూడా ఉండేవి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, తెలుగువారి బాణీలలో క్రైస్తవ కీర్తనలు రచించిన మహనీయుడాయన. ప్రార్థన మాత్రం కీర్తనవలె ఉండేది కాదు, జాబితావలె ఉండేది. తాత దగ్గు, ఊరిలోని కూతురు, అద్దె అడిగే ఇంటియజమాని, సందు మొదట ఎండలో నిలబడ్డ పోలీసు కుర్రవాడు, ఆ తరువాత మా నాయన, మా పాప. ఒక్కొక్కరి పేరు చెప్పి, ఒక్క క్షణం ఆగి, తరువాతి పేరుకు పోయేది. చెప్పిన పేరును మళ్లీ చెప్పేది కాదు.

నేను లెక్క వేయడంలో, ఆమె ప్రార్థించడంలో ఉన్న భేదం నాకు అక్కడ కనబడినది. ఇద్దరమూ లెక్కపెట్టేది భయాలనే. నేను ప్రతిదానినీ మళ్లీ జేబులోనే వేసుకొనేవాడిని. ఆమె ఒక్కొక్కటి తీసి మరొకరి చేతిలో పెట్టేది. తీసుకొనే చెయ్యి ఒకటున్నదని ఆమెకు నిశ్చయం. నాకు అంతటి నిశ్చయం లేదు. దానిని నటిస్తూ మీ ముందు నిలబడడం మర్యాద కాదు. కాని ఆ జాబితాలో మా పాప పేరు విన్న రాత్రి నేను నిద్రపోయాను.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. మనశ్శాంతి పేరిట బీదవానిని నోరు మూసుకొమ్మని చెప్పేవారు అన్ని మతాలలోనూ ఉన్నారు. అవ్వ ఆ కోవకు చెందదు. లాక్‌డౌన్ సడలగానే ఆమె నాచేత హిందీలో అర్జీ వ్రాయించి, తాతకు రావలసిన కూలి కోసం ఒక మగ్గాల యజమాని వద్దకు మూడుసార్లు తిరిగినది. సగం వచ్చినది. మిగిలిన సగం ఆయన పేరుతో పాటు రాత్రి జాబితాలో చేరినది.

1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వచ్చినప్పుడు లక్షలాది జనం ఊరు విడిచిపోయారని మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ భయం పోయినది ధైర్యవచనాల వల్ల కాదు. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు నాయకత్వాన వీధులు, కాలువలు శుభ్రపడ్డాయి. మెదక్ చర్చి కథ కూడా ఇటువంటిదే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మహాదేవాలయం నిర్మాణాన్ని కరవులో అన్నం లేనివారికి పని కల్పించే మార్గంగా ఛార్లెస్ పాస్నెట్ నడిపించాడు. అవ్వ పూర్వులు ఆ రాళ్లు మోసినవారట. ప్రార్థనామందిరం కట్టక మునుపే దాని పునాది వద్ద కడుపులు నిండాయని ఆమె గర్వంగా చెప్పేది.

మా ప్రక్కవాటాలో గంజాం జిల్లా నుండి వచ్చిన ఒడియా దంపతులు ఉండేవారు. ఈ ఊరి సాంచాలపై ఒడియావారు, తెలుగువారు, మరాఠీలు ప్రక్కప్రక్కనే నిలబడి పనిచేస్తారు. పురపాలక పాఠశాలలలో వారి పిల్లలు ఎవరి భాషలో వారు చదువుతారు, తెలుగు మాధ్యమం బడులతో సహా. ఆ ఒడియా ఇల్లాలు ఒకనాడు అవ్వను, ప్రార్థనలో తరచుగా వినిపించే ఆ 'సమాధానము' ఏమిటని వచ్చీరాని హిందీలో అడిగినది. అవ్వ నావైపు చూచి, "బిడ్డా, నువ్వు చెప్పు" అన్నది.

నేను శాంతి అని చెప్పాను. ఒడియాలోనూ ఆ మాట ఉన్నది గనుక ఆమె తల ఊపినది. అవ్వకు తృప్తి కలుగలేదు. శాంతి అంటే చప్పుడు లేకపోవడమని అనుకొంటుందేమో, మన సాంచాలు ఆగిపోయినప్పుడు కూడా చప్పుడు లేదు గదా, అది శాంతియా అని నన్ను అడిగినది. నా వద్ద జవాబు లేదు. అప్పుడామె ఏమీ మాట్లాడకుండా రెండు చేతులూ చాచి, సాంచాపై తెగిన పోగు రెండు కొసలనూ వ్రేళ్ల మధ్య పట్టి నలిపి అతికినట్లు చేసి చూపినది. ఒడియా ఇల్లాలు చూచి నవ్వి, తన వ్రేళ్లతో తానూ అట్లాగే చేసినది.

హిందీలోకి ఆ మాటకు అంతకంటె మంచి అనువాదం నాకు ఇప్పటికీ దొరకలేదు.