పాలబండి బ్రేకుకు ఏ గ్రీజు?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



సహకార ఇన్‌స్పెక్టరు వచ్చి బ్రేకుల గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మేము మెకానిక్కులము కాము. మా పని లెక్కలు చూడడం. అయితే ఈ సంగతి మాకు లెక్కల్లోనే దొరికింది.

ఒక సంఘంలో వోచర్లు తనిఖీ చేస్తుండగా, పాలు చేరవేసే చిన్న వ్యానుకు ఆరు నెలల్లో రెండుసార్లు ముందు బ్రేకు ప్యాడ్లు మార్చిన బిల్లులు కనబడ్డాయి. డీజిలు ఖర్చు పెరిగింది. అదే కాలంలో ఒకనాడు పులిసినవని తిప్పి పంపిన పాల క్యాన్ల నష్టం రాసి ఉంది. డ్రైవరును పిలిచి అడిగాము. "ఎల్.బి.నగర్ దాటి దిల్‌సుఖ్‌నగర్ దిక్కు పోతుంటే ఎడమ చక్రం కాడ కాలిన వాసన వచ్చింది సార్. దగ్గర చెయ్యి పెట్టనియ్యలే. బండి పక్కకు ఆపిన" అన్నాడు. మూడు ఖర్చులు మూడు పద్దుల్లో ఉన్నాయి. రోగం మాత్రం ఒక్కటే.

బండిని షెడ్డుకు పంపి మేమూ వెంట వెళ్లాము. చక్రం విప్పితే, లోపలి ప్యాడు రేకు దాకా అరిగింది, బయటి ప్యాడు సగం కూడా అరగలేదు. క్యాలిపర్ పిన్ను బిగుసుకుపోయింది. దాని రబ్బరు బూటు నానబెట్టిన శనగలాగ ఉబ్బి ఉంది. కిందటిసారి ఎవరో చేతికందిన బేరింగు గ్రీజు దట్టించారు.

ఇందులోని కిటుకు చెప్పుతాము. చిన్న వ్యాన్లలో, కార్లలో ముందు చక్రాలకు సాధారణంగా డిస్క్ బ్రేకు ఉంటుంది. క్యాలిపర్ అనేది పట్టకారు వంటిది. చాలా బండ్లలో పిస్టను ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి ప్యాడును డిస్కుకు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును కూడా లాగుతుంది. పిన్ను జరగకపోతే భారమంతా ఒక ప్యాడు మీదనే పడుతుంది. కాలు తీసినా ప్యాడు వదలదు. చక్రం వేడెక్కుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు గుంజుతుంది. విజయవాడ రోడ్డు నుండి నగరంలోకి వచ్చే రద్దీలో అడుగడుగునా బ్రేకు వేయవలసిందే. అక్కడ ఇది ప్రాణాల మీదికి తెచ్చే లోపం.

ఇక ఏ గ్రీజు వాడవలెను? పిన్ను చుట్టూ ఉండే రబ్బరు సాధారణంగా ఇ.పి.డి.ఎం. రకం. దానికి పెట్రోలియం నూనె పడదు. అందుచేత బేరింగు గ్రీజు, ఛాసిస్ గ్రీజు, ఇంజను ఆయిలు వాడరాదు. రాగి పొడి కలిపిన పేస్టు కూడా పిన్నులకు తగదు. బ్రేకు పిన్నులకని ట్యూబు మీద స్పష్టంగా రాసి ఉన్న సిలికాన్ గ్రీజు గాని, రబ్బరుకు హాని చేయని సింథటిక్ బ్రేకు గ్రీజు గాని కొనాలి. బండి తయారీదారు పుస్తకంలో చెప్పిన రకం ఉంటే అదే మేలు. ఈ ట్యూబు ధర 40 లీటర్ల క్యాను పాల విలువకు చాలా తక్కువ.

పెట్టే పద్ధతి కూడా ముఖ్యమే. పాత గ్రీజును బ్రేకు క్లీనరుతో పూర్తిగా తీయాలి. రబ్బరుకు డీజిలు, పెట్రోలు తగలరాదు. తుప్పు పట్టిన పిన్ను, చిరిగిన బూటు మార్చాలి. పై పిన్ను, కింది పిన్ను కొన్ని బండ్లలో వేరుగా ఉంటాయి, తారుమారు చేయరాదు. గ్రీజు పలుచగా పూయాలి. నిండా కూరితే గాలి లోపల చిక్కి పిన్ను వెనక్కి తోస్తుంది. ప్యాడుకు, డిస్కుకు చుక్క కూడా అంటరాదు. క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయరాదు. బిగించిన తరువాత పెడలును గట్టిపడే దాకా తొక్కి, ఆ మీదటే బండి కదిలించాలి.

పెద్ద ట్యాంకర్ల గాలి బ్రేకుల సంగతి వేరు. వాటిని ఆ పని తెలిసిన వారికే అప్పగించండి.

పాలకవర్గం వారికి మా మనవి. ప్యాడ్లు మార్చిన ప్రతిసారి, ఏడాదికి ఒకసారి వానలు వెళ్లిన తరువాత, పిన్నులు చూపించండి. బిల్లు మీద ఏ గ్రీజు వాడారో రాయించండి. తీసిన పాత ప్యాడ్లు రెండూ తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. అరుగుదలలో తేడా ఉంటే ఆ తేడాయే మీకు సంగతి చెప్పుతుంది. చక్రం దగ్గర వాసన వచ్చిందని డ్రైవరు చెబితే కసరకండి, వినండి.

పచ్చిపాలను 4 డిగ్రీలకు చల్లబరిచే దాకా ప్రతి గంటా విలువైనదే. తెల్లవారకముందే లేచి పాలు పితికిన అక్కచెల్లెళ్ల కష్టం ఆ క్యాన్లలో ఉంది. ఆ బండి నడిపేవాడు కూడా మన ఇంటి బిడ్డే. పాలు, బిడ్డ ఇద్దరూ క్షేమంగా చేరాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.

జై సహకార్.